ఒడ్డు నుంచే పగడాలు చూడాలంటే: దీవిలో ఏ బీచ్‌లో దిగాలో నేను ఎలా తేల్చుకుంటాను

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. హైస్కూల్లో భూగోళం చెబుతాను. మా మరిది ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు కానీ మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. ఆయన అక్కడ ఉన్న పుణ్యాన నాలుగుసార్లు అండమాన్ వెళ్లొచ్చాను. ప్రతిసారీ మాస్కు పెట్టుకుని, ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగి పగడపు దిబ్బలు చూశాను. తిరిగొచ్చాక స్టాఫ్ రూమ్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ బీచ్‌కి వెళ్లమంటారు మేడం?"

పేరు చెప్పడం తేలికే. కానీ పేరు ఒక్కటి చెప్పి పంపడానికి నాకు మనసొప్పదు. ఒకే బీచ్‌లో పొద్దున్న హాయిగా తేలినవాళ్లు మధ్యాహ్నానికి పగడాల మీద ఇరుక్కుపోవచ్చు. నాకే అయింది, 2018 జనవరిలో. మర్నాడు పౌర్ణమి. మమ్మల్ని తీసుకెళ్లిన టూర్ మనిషి "ఎప్పుడు దిగినా ఒకటే, టెన్షన్ పడకండి" అన్నాడు. భోజనాలయ్యాక ఒంటిగంట ప్రాంతంలో దిగాను. చేపల్ని చూస్తూ లోపలికి వెళ్లిపోయాను. తల ఎత్తేసరికి నా పొట్టకీ పగడాలకీ మధ్య జానెడు నీళ్లే ఉన్నాయి. ఈదడానికి లేదు, నిలబడడానికి లేదు. భయంతో కాలు ఆన్చాను. కొమ్మలు కొమ్మలుగా ఉన్న పగడం ఒకటి నా పాదం కింద చాక్‌పీసు విరిగినట్టు టక్కుమని విరిగింది. మోకాలి కింద గీరుకున్న దెబ్బ మానడానికి మూడు వారాలు పట్టింది. పగడం కోసిన గాయం అలాగే సతాయిస్తుంది, సన్నని ముక్కలు లోపల ఉండిపోతాయి. అంతకంటే ఆ విరిగిన కొమ్మ నన్ను ఎక్కువ రోజులు బాధపెట్టింది. అలాంటి కొమ్మ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

అప్పటి నుంచి నేను బీచ్ అందం చూడను. ఎక్కడ దిగుతాను, ఎక్కడ పైకి వస్తాను, ఆ మధ్యలో నీళ్లు ఎంత ఉంటాయి, ఎటు లాగుతాయి, ఈ నాలుగూ చూస్తాను.

"సముద్రం పక్కనే పెట్టుకుని అంత దూరం ఎందుకు, గోపాలపూర్‌లో దిగొచ్చుగా" అని పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే, దాని జవాబులోనే సగం పాఠం ఉంది. పగడం ఒక జీవి. దాని ఒంట్లో కంటికి కనబడనంత సన్నని నాచు ఉంటుంది. అది ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. అందుకే నీళ్లు తేటగా ఉండాలి, ఎండ అడుగు దాకా దిగాలి. మన తీరానికి ఋషికుల్య, మహానది లాంటి నదులు ఒండ్రు తెచ్చి పోస్తాయి. అడుగంతా కదిలే ఇసుక. కెరటాలు ఏ అడ్డూ లేకుండా నేరుగా వచ్చి ఒడ్డున విరుగుతాయి. పగడం పట్టుకుని పెరగడానికి గట్టి నేల ఉండదు, ఒకవేళ ఉన్నా మట్టి కప్పేస్తుంది. కాబట్టి గోపాలపూర్‌కి సరిగ్గా తిరగేసిన చోటు మనకి కావాలి: నది కలవనిది, నీళ్లు తేటగా ఉండేది, కెరటాలు ఒడ్డుకి దూరంగానే విరిగిపోయేది.

అయితే నీటిని చూడడం నేను గోపాలపూర్‌లోనే నేర్చుకున్నాను. అక్కడి నోలియాలు, అంటే జాలర్లు, తెలుగువాళ్లే. పెద్దాయన ఒకాయన ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటుంటే, అలల్లో దిగబోతున్న నన్ను ఆపాడు. "కూకో అమ్మా. కాసేపు సూడు. గంగమ్మ ఎటు లాగుతాదో గంగమ్మే సెప్తాది" అన్నాడు. కొబ్బరి డొక్క ముక్క ఒకటి తీసి కెరటాల అవతలికి విసిరాడు. ముందుకో వెనక్కో వెళ్తుందనుకున్నాను. అది ఒడ్డు వెంబడి పక్కకి జరుగుతూ, నేను యాభై లెక్కపెట్టేలోపు మూడు పడవల దూరం పోయింది. "ఇప్పుడు నువ్వు దిగితే నువ్వూ అలాగే పోతావు" అన్నాడు. దీవుల్లో దిగే ముందు ఇప్పటికీ ఎండుటాకు ఒకటి నీళ్లలో వేసి చూస్తాను.

ఇక బీచ్ ఎంచుకోవడం. పని ఇంట్లోనే మొదలవుతుంది. గూగుల్ ఎర్త్‌లో ఆ దీవి ఉపగ్రహ చిత్రం తెరవండి. ఒడ్డు నుంచి లోపలికి రంగులు చూసుకుంటూ వెళ్లండి. లేత ఆకుపచ్చ అయితే ఇసుక. గోధుమ రంగు మచ్చలు పగడాలో సముద్రపు గడ్డి మొక్కలో అయి ఉంటాయి. ఆ తర్వాత సన్నగా తెల్లటి గీత కనబడితే అక్కడ కెరటాలు విరుగుతున్నాయని, అదే దిబ్బ అంచు. దాని అవతల ముదురు నీలం, అంటే లోతు. పగడాల సందడి అంతా ఆ అంచు దగ్గరే ఉంటుంది. కాబట్టి స్కేలు పెట్టి ఒడ్డు నుంచి అంచుకి దూరం కొలవండి. నాకు నేను పెట్టుకున్న హద్దు 150 మీటర్లు. నాలుగైదు వందల మీటర్లు ఉంటే పటంలో ఎంత బాగున్నా వదిలేస్తాను, ఎందుకంటే తిరిగి రావడం కూడా అంతే దూరం, అప్పటికి కాళ్లు అలసిపోయి ఉంటాయి.

అదే చిత్రంలో ఇంకొకటి వెతకాలి. గోధుమ మచ్చల మధ్య నుంచి ఒడ్డు దాకా వచ్చే ఇసుక దారి. పల్లెల్లో వరిచేల మధ్య గట్టు దారి ఉన్నట్టు ఉంటుంది. మీరు దిగేదీ ఎక్కేదీ అందులోంచే. ఆ దారి లేని చోట పగడాలు తొక్కకుండా లోపలికి వెళ్లలేరు. కానీ దారి మరీ వెడల్పుగా, లోతుగా ఉండి అంచుని చీల్చుకుని బయటి సముద్రంలోకి తెరుచుకుంటే మాత్రం జాగ్రత్త. దిబ్బ మీదకి ఎక్కిన నీళ్లన్నీ వెనక్కి పోయేది ఆ గుమ్మంలోంచే. ఆటు సమయంలో, అంటే నీళ్లు దిగేటప్పుడు, అక్కడ లాగుడు ఎక్కువ.

ఒడ్డున పాము మెలికల్లా క్రీకు (ఉప్పునీటి పాయ), దాని చుట్టూ మడ అడవి కనబడితే నేను ఆ బీచ్ కొట్టేస్తాను. నీళ్లు బురదగా ఉంటాయన్నది ఒక కారణం. అసలు కారణం ఉప్పునీటి మొసలి. అండమాన్‌లో ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2010లో హావ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్ పక్కన స్నార్కెలింగ్ (మాస్కుతో తేలుతూ నీటి లోపలికి చూడడం) చేస్తున్న విదేశీ యువతి మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉంటే దాన్ని గౌరవించండి. తెల్లవారకముందు, పొద్దుగూకేటప్పుడు ఎక్కడా దిగకండి. అక్కడ పొద్దు మనకంటే ముందే వాలిపోతుంది. డిసెంబరులో ఐదింటికే చీకటి మొదలవుతుంది.

తర్వాత గాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ గాలి ఈశాన్యం నుంచి. అప్పుడు తూర్పు ఒడ్డున అలలు, పడమటి ఒడ్డున ప్రశాంతం. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, అంతా తారుమారు, పైగా వానలకి నీళ్లు మసకబారతాయి. దీవి అన్నాక ఏదో ఒక పక్క గాలికి చాటు ఉంటుంది. ఇల్లు దాటి వానలో వెళ్లేటప్పుడు గోడ చాటున నడవమా, అంతే. ఫిబ్రవరి, మార్చి నాకు బాగా కలిసొచ్చిన నెలలు, గాలి తగ్గి నీళ్లు అద్దంలా ఉంటాయి. పరీక్షల సీజన్ కాబట్టి సెలవు దొరకడమే కష్టం. వెళ్లే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సమాచారం చూస్తాను. కెరటాల ఎత్తు, గాలి, ఉప్పెన అలల హెచ్చరికలు అందులో ఉంటాయి. నేను దిగబోయే వైపు కెరటం ఎత్తు అర మీటరు దాటితే ఆ రోజు మ్యూజియమో జైలో చూడ్డానికి వెళ్లిపోతాం.

అన్నిటికంటే నేను ఎక్కువ సమయం పెట్టేది పోటు (నీళ్లు ఎక్కడం), ఆటు లెక్క మీద. 2018లో నేను చూడనిది అదే. అండమాన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటు నుంచి ఆటుకి సుమారు ఆరు గంటలు. పోటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్లు ఆరు గంటలూ ఒకే వేగంతో దిగవు. మొత్తం దిగే నీటిని 12 భాగాలు అనుకోండి. మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో 2, చివరి గంటలో 1. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి మధ్య రెండు గంటల్లోనే మీటరు నీళ్లు మాయమైపోతాయి. నేను భోంచేసి దిగింది సరిగ్గా ఆ మధ్య గంటల్లోనే. అష్టమి ప్రాంతంలో పోటుకీ ఆటుకీ తేడా తక్కువ, లాగుడూ తక్కువ.

మా ఇంట్లో తెలుగు క్యాలెండరు, ఒడియా పాంజి (పంచాంగం) రెండూ వేలాడతాయి. తిథి రెండింట్లోనూ ఉంటుంది. టికెట్లు తీసుకునే ముందు తిథి చూస్తాను, బయలుదేరే ముందు టైడ్ టేబుల్ (పోటు, ఆటు వేళల పట్టిక) చూస్తాను. కచ్చితమైన గంట టేబుల్లోనే దొరుకుతుంది, తిథితో సరిపెట్టుకోకండి. ఫోన్లో మా మాటలు కూడా మారిపోయాయి. ఇదివరకు "వదినా, వంట ఏం చేశావు" అనేవాడు మరిది. ఇప్పుడు "వదినా, ఎల్లుండి పోటు పన్నెండున్నరకి నిండుతుంది, పదకొండున్నరకి అక్కడ ఉండాలి" అంటాడు. పోటు నిండడానికి గంట ముందు దిగి, నిండిన అరగంటకి బయటికి వచ్చేయడం మా పద్ధతి. నిండే ముందు, నిండిన తర్వాత నీళ్లు కాసేపు నిలకడగా ఉంటాయి. అది నడిమధ్యాహ్నానికి దగ్గరగా పడితే ఇంకా అదృష్టం, ఎండ నిటారుగా దిగి రంగులు తేలతాయి.

ఇదంతా కాగితం మీద. బీచ్‌కి చేరాక నేను వెంటనే మాస్కు తీయను. ఇసుక చూస్తాను. గుప్పెడు తీసి అరచేతిలో పరిస్తే అందులో తెల్లటి పుల్లలు, ముక్కలు కనబడాలి. ఒక ముక్కని కంటికి దగ్గరగా పెట్టుకుంటే దాని మీద గుండుసూది తలంత నక్షత్రాలు అచ్చుగుద్దినట్టు వరసగా ఉంటాయి. ఒక్కో నక్షత్రం ఒక్కో జీవి ఇల్లు. నక్షత్రాలు చెదరకుండా, అంచులు పదునుగా ఉంటే దిబ్బ దగ్గరలోనే ఉంది. గులకరాయిలా అరిగి నున్నబడితే ఎక్కడో దూరం నుంచి దొర్లుకుంటూ వచ్చింది. చూసి అక్కడే పెట్టేయండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి. చచ్చిన ముక్కయినా బ్యాగులో వేసుకుంటే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు కూర్చుంటాను. పెద్దాయన చెప్పినట్టే. అల ఎక్కడ విరుగుతోంది, ఏడెనిమిది చిన్న అలల తర్వాత పెద్దవి వస్తున్నాయా, ఆకు ఎటు పోతోంది. అలలు విరుగుతున్న వరసలో ఒక్కచోట మాత్రం విరగకుండా నల్లగా, ప్రశాంతంగా కనబడితే అక్కడికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి, నీళ్లు వెనక్కి పోయే గుమ్మం అదే. పొరపాటున అందులో పడితే ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. పడవలు, జెట్ స్కీలు ఎక్కడ తిరుగుతున్నాయో కూడా ఈ ఇరవై నిమిషాల్లోనే తెలుస్తుంది. తాడుకి తేలే బుడగలు కట్టి ఈతగాళ్లకి విడిగా చోటు లేని బీచ్‌లో జెట్ స్కీలు ఉంటే నేను దిగను.

అక్కడి మనుషుల్ని అడగండి. మనకి ఒక వెసులుబాటు ఉంది. అండమాన్ జాలర్లలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది. "బాగుంటుందా" అని అడిగితే బాగుంటుందనే అంటారు. "ఇక్కడ మీ పిల్లలు ఎక్కడ ఈదుతారు బాబాయ్, ఎక్కడికి వెళ్లొద్దంటారు" అని అడగండి. వేలు పెట్టి చూపిస్తారు.

ఇప్పుడు పేర్లు. హావ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్)లో ఎలిఫెంట్ బీచ్ వాయవ్యం వైపు ఉంది, చలికాలపు గాలికి చాటు, పగడాలు ఒడ్డుకి బాగా దగ్గర. కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. పడవలో వెళ్లొచ్చు, అడవి దారిలో నడిచీ వెళ్లొచ్చు. ఆ దారి ఒక్కోసారి మూసేస్తారు, ముందే కనుక్కోండి. పదింటి తర్వాత వాటర్ స్పోర్ట్స్ జనంతో కిక్కిరిసిపోతుంది కాబట్టి తొలి పడవ పట్టుకోవాలి. రాధానగర్ చూడడానికి, ఇసుకలో నడవడానికి. మాస్కు హోటల్లోనే ఉంచండి. నీల్ (షహీద్ ద్వీప్)లో భరత్‌పూర్ దగ్గర దిబ్బ చదునుగా, విశాలంగా ఉంటుంది. నిండు పోటులో అయితేనే దిగాలి, ఆటులో పగడాలు బయటపడతాయి. ఆటు సమయంలో అదే దీవిలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి వెళ్తే రాళ్ల మధ్య గుంటల్లో చేపలు, పీతలు నిలబడే చూడొచ్చు. మా అత్తగారికి అదే నచ్చింది. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి నార్త్ బే మీలో చాలామందికి తెలుసు, పాత ఎర్రటి 20 రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ ఆ చోటిదే. ఒక్కరోజే ఉన్నవాళ్లకి పర్వాలేదు, రద్దీ మాత్రం ఎక్కువ. వండూరు నుంచి వెళ్లే జాలీ బాయ్ దీవి మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. లక్షద్వీప్ నేనింకా వెళ్లలేదు. అక్కడి లగూన్లు (దిబ్బ లోపలి నిలకడ నీళ్లు) చాలావరకు దీవికి పడమర వైపు, అనుమతి పత్రం తప్పనిసరి.

ఎక్కడికి వెళ్లినా పగడాలన్నీ ఫొటోల్లో ఉన్నంత రంగులుగా ఉంటాయనుకోకండి. నీళ్లు వేడెక్కితే పగడం తన నాచుని బయటికి పంపేసి పాలిపోతుంది. 2010లో, 2016లో అండమాన్ పగడాలు అలా బాగా దెబ్బతిన్నాయి. బతికున్న పగడం ఎక్కువగా గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది. తెల్లగా మెరిసేది జబ్బుపడింది. దాన్ని చూసి "ఎంత అందంగా ఉందో" అని పక్కవాళ్లు అంటుంటే నాకు గుండె కలుక్కుమంటుంది.

దిగేటప్పుడు: నడుము లోతు దాకా ఇసుక దారిలోనే నడిచి, అక్కడ ఫిన్స్ (కాళ్లకి పెట్టుకునే ఈత రెక్కలు) తొడుక్కుని బోర్లా తేలండి. ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోండి, వంగిన కొబ్బరిచెట్టో నీలం గుడిసో. పది నిమిషాలకోసారి తల ఎత్తి అది ఎటు జరిగిందో చూడండి. ముందు అలలకి ఎదురుగా వెళ్లండి, వచ్చేటప్పుడు అవే తోస్తాయి. ఒంటరిగా దిగకండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవడం నామోషీ కాదు. మాస్కు తాడు తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అతుక్కుని నిలబడాలి. మగవాళ్లకి మీసం దగ్గర నీళ్లు కారతాయి, మా వారు ముక్కు కింద ఒక గీత మేర కత్తిరించుకున్నాక సరిపోయింది. ఆయాసం వస్తే అదే క్షణం వెనక్కి. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, మీకూ మంచిది, పగడాలకీ మంచిది. రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల బంతులు, రాయిలాగే కనబడే స్టోన్ ఫిష్ ఉంటాయి, కాబట్టి చెయ్యి కూడా ఎక్కడా పెట్టొద్దు.

ఇన్ని చూసుకుని దిగితే దక్కేది ఒకటి చెబుతాను. నీళ్లలో ఊపిరి నిలకడగా ఆడుతున్నప్పుడు కరకరమని చప్పుడు వినబడుతుంది, పక్కన ఎవరో మరమరాలు నములుతున్నట్టు. అది చిలక చేప. ముక్కులాంటి పళ్లతో రాతి మీది నాచుని గీకి తింటూ, రాతిని పిండి చేసి ఇసుకగా వదులుతుంది. మనం నడిచొచ్చిన తెల్లటి ఇసుకలో కొంత భాగం వాటి పుణ్యమే. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నాకు మాస్కులోనే కన్నీళ్లొచ్చాయి.

బయటికి వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక, మరిచిపోకముందే ఒక చిన్న పుస్తకంలో రాసిపెడతాను. పోయినసారి రాసుకున్నది ఇది, మీ పుస్తకం కూడా ఇలా మొదలుపెట్టుకోండి: "ఎలిఫెంట్ బీచ్. ఫాల్గుణ శుద్ధ విదియ. పోటు నిండింది సుమారు 11కి. దిగింది 10, ఎక్కింది 11.20. గాలి తూర్పు నుంచి, పలచగా. ఆకు ఉత్తరానికి, నెమ్మదిగా. ఇసుక దారి: పడిపోయిన పెద్ద మానుకి ఎడమ పక్క. లోతు ఛాతీ దాకా. చిలక చేపలు 6, ఎనిమోన్‌లో క్లౌన్ ఫిష్ జంట. పాలిపోయిన పగడాలు రెండు చోట్ల. జెట్ స్కీలు 10.45కి మొదలు, వచ్చేసారి 9.30కే దిగాలి."